నాగటి చాలులో నాలుగు గుడ్లు

రెడ్డిగూడెం: వేసవి దుక్కుల రోజులు వచ్చాయంటే మండలంలోని మెట్ట చేలల్లో తెల్లవారక ముందే ట్రాక్టర్లు దిగుతాయి. పత్తి కట్టె పీకేసి, మొక్కజొన్న చొప్ప ఎత్తేసి, ఒక్క అదను వాన పడగానే నేలను తిరగేస్తారు. ఎండకు కలుపు చస్తుంది, పురుగు గుడ్లు మాడిపోతాయి, తొలకరి నీరు భూమిలోకి ఇంకుతుంది. వ్యవసాయ శాఖ వారు చెప్పేదీ ఇదే, మన పెద్దలు చేసిందీ ఇదే. దానితో ఎవరికీ పేచీ లేదు. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ చేలల్లోనే మరొక జీవి సంసారం పెట్టుకుని కూర్చుంటుంది. అది తీతువు పిట్ట. దానికి చెట్టు అక్కర్లేదు, పుల్లా పుడకా అక్కర్లేదు. మనం దున్నే నేలే దాని ఇల్లు.

తీతువును చూడని రైతు ఉండడు. మన వైపు రెండు రకాలున్నాయి. చెరువు అలుగు దగ్గర, కాలువ గట్టు మీద, తడి చేలల్లో తిరిగేది ఒకటి. దాని తల, రొమ్ము నలుపు. కంటి ముందు ఎర్రటి తోలు, ఎర్రటి ముక్కు, పొడుగాటి పసుపు కాళ్లు. రెండోది ఎండిన బీడులో, గులక నేలలో ఉంటుంది. ఒళ్లంతా మట్టి రంగు, నెత్తిన నల్ల టోపీ, కంటి ముందు పసుపు పచ్చ తోలు. మొదటిదాని అరుపు అందరికీ తెలిసిందే. రెండోది అంత గోల చేయదు కాబట్టి దాన్ని చాలామంది గమనించరు. దుక్కిలో ఎక్కువగా నష్టపోయేది కూడా ఆ రెండోదే.

తీతువు చేసిన పాపమేమిటి?

తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మన పల్లెల్లో గట్టి నమ్మకం. రాత్రి పూట ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే ముసలివాళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. పిల్లలను లోపలికి రమ్మంటారు. దీన్ని కొంచెం ఆలోచించి చూడాలి. తీతువు రాత్రి కూడా మెలకువగా ఉండే పిట్ట. దాని దగ్గరకు నక్క వచ్చినా, కుక్క వచ్చినా, మనిషి వచ్చినా లేచి అరుస్తుంది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చినప్పుడు అర్ధరాత్రి లాంతరు పట్టుకుని వైద్యుడి కోసం డొంక వెంట పరుగెత్తేవాడిని చూసి కూడా అరిచే ఉంటుంది. చావు ముందు వచ్చిందా, కూత ముందు వచ్చిందా అన్నది ఎవరు లెక్క పెట్టారు? ఊరికి కావలి కాసే కుక్క మొరిగితే మంచిది, చేనికి కావలి కాసే పిట్ట అరిస్తే చెడ్డదా?

మన పాత కథల్లో దానికి ఇంతకన్నా మంచి స్థానమే ఉంది. పంచతంత్రంలో టిట్టిభం అనే పిట్ట ఇదే. సముద్రం ఒడ్డున పెట్టిన గుడ్లను సముద్రుడు లాగేసుకుంటే, ఆ చిన్న పిట్ట వెనుదీయక పక్షులన్నిటినీ కూడగట్టి, గరుత్మంతుడి దాకా వెళ్లి, గుడ్లు తిరిగి ఇప్పించుకుంటుంది. బళ్లో ఈ కథ విన్న పిల్లలే ఇంటికి వచ్చి తీతువు కూత వింటే దుప్పటి కప్పుకుంటారు!

గుడ్ల విషయంలో దాని పట్టుదల నిజంగా అలాంటిదే. నేల మీద అరచేతి వెడల్పున చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు, గొర్రె పెంటికలు, మట్టి పెళ్లలు పేర్చుకుంటుంది. అందులో సాధారణంగా నాలుగు గుడ్లు, కోసు మొనలు లోపలికి పెట్టి ఉంటాయి. బూడిద, గోధుమ కలిసిన రంగు మీద నల్లటి మచ్చలు. కాలి కింద పడేదాకా మనకు కనిపించవు. పొదగడానికి దాదాపు నెల రోజులు పడుతుంది. ఆడా మగా వంతులు వేసుకుని కూర్చుంటాయి. మే నెల ఎండలో నేల మీద చెయ్యి పెడితే కాలుతుంది కదా, అలాంటప్పుడు గుడ్లు ఉడికిపోకుండా ఆ పిట్ట నీళ్ల దగ్గరకు వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఎండ నెత్తి మీద ఉన్నంత సేపూ అదే పని. నీడ కోసం పాక వేసుకునే మనకు ఆ తిప్పలు అర్థం కావాలి.

పశువు గూటి వైపు వస్తే రెక్కలు చాచి ముందు నిలబడుతుంది. మనిషి వస్తే తల మీదికి దూసుకు వస్తుంది. కుక్క వస్తే రెక్క విరిగినట్టు కుంటుతూ దూరంగా లాక్కుపోతుంది. ఇన్ని విద్యలు తెలిసిన పిట్ట ట్రాక్టరు ముందు మాత్రం ఓడిపోతుంది.

నాగలి పోయి రోటవేటరు వచ్చింది

ఎడ్లతో దున్నిన రోజుల్లో రైతు కాలి నడకన నాగలి వెనక నడిచేవాడు. చూపు చాలు మీదే ఉండేది. పిట్ట అరుస్తూ లేచిందంటే ఎక్కడి నుంచి లేచిందో కనిపించేది. గుడ్లుంటే మేడి ఎత్తి పక్కకు తీసుకుని, ఆ పిడికెడు నేల వదిలి ముందుకు పోయేవారు. అందరూ అలా చేశారని కాదు. గుడ్లు ఏరుకుని ఇంటికి తెచ్చి కాల్చుకు తిన్నవాళ్లూ ఉన్నారు. కానీ చూసే అవకాశమైతే ఉండేది.

ఇప్పుడు ట్రాక్టరుకు గంట లెక్కన కిరాయి. డ్రైవరు ముందుకు చూసేది సాలు తప్పకుండా, వెనక్కు చూసేది కల్టివేటరు ఎంత లోతు దిగిందా అని. ఇంజను మోతలో పిట్ట అరుపు వినిపించదు. పగటి ఎండకు భయపడి రాత్రి పూట లైట్లు వేసుకుని దున్నడం కూడా మామూలైంది. రోటవేటరు తిరిగిన చోట గులకరాయి కూడా మిగలదు. చేను గలవాడు గట్టు మీద కూడా ఉండడు, ఫోనులో మాట్లాడుకుని పంపిస్తాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పని పద్ధతి మారింది, అంతే.

మొదటి గూడు పోతే తీతువు మళ్లీ గుడ్లు పెడుతుంది. అందుకే అది ఇంకా కనిపిస్తోంది. అయితే మళ్లీ పెట్టడానికి నేల ఉండాలి కదా. బీడు మామిడి తోట అయింది, డొంక గట్టు చదునైంది, పోరంబోకు కంచె లోపలికి పోయింది. ఏ పిట్టయినా ఒక్కసారిగా పోదు. ఒక్కో చేను దాటి, ఒక్కో ఊరు దాటి, చివరికి ఒక మూలకు చేరుతుంది. తరువాత ఒకరోజు ఎక్కడా ఉండదు. ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. తీతువుకు దూరపు చుట్టం ఒకటి మన తెలుగు నేల మీదే ఇలా మూలకు చేరింది. దాని పేరు కలివికోడి.

అడవి ఉత్త తిత్తి

కలివి అంటే కడప వైపు ముళ్ల పొద. మన దగ్గర కలేకాయల పొద అనేదీ దాదాపు అదే. ఆ పొదల మధ్య తిరిగే పిట్ట కాబట్టి కలివికోడి అన్నారు. పేరుకు కోడి గానీ అది కోడి జాతి కాదు. తీతువులు, ఉల్లంకులు, ఉప్పు నీటి ఒడ్డున పరుగులు తీసే పిట్టలు ఏ వర్గానివో అది కూడా ఆ వర్గానిదే. నీటి ఒడ్డు వదిలి మెట్ట పొదలకు అలవాటు పడింది. ఎత్తు జానెడుకు కొంచెం పైన. రొమ్ము మీద రెండు పట్టీలు, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ, కంటి పైన తెల్లటి వెడల్పు గీత, పెద్ద పెద్ద కళ్లు. పగలు పొద చాటున కదలకుండా ఉండి, రాత్రి బయటికి వచ్చి చెదలు, చీమలు, పురుగులు ఏరుకు తింటుంది.

మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, నెల్లూరులో కూడా ఉన్న జెర్డన్ అనే ఇంగ్లీషాయన 1848లో దీన్ని లోకానికి తెలియజేశాడు. అందుకే ఇంగ్లీషు పుస్తకాల్లో ఆయన పేరు మీదే ఉంది. తెలుగువారు దీన్ని ‘అడవి ఉత్త తిత్తి’ అంటారని కూడా ఆయన రాసుకున్నాడు. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి. తీతువుకు కూడా కొన్నిచోట్ల ఆ పేరే ఉండేది. చేలో తిరిగేది ఉత్త తిత్తి, అడవిలో తిరిగేది అడవి ఉత్త తిత్తి. రెండిటికీ చుట్టరికం ఉందని మన పల్లెవాళ్లు శాస్త్రజ్ఞుల కన్నా ముందే కనిపెట్టారన్న మాట.

ఇది కడప జిల్లా సంగతి, మనకెందుకు అనుకోవద్దు. 1870 ప్రాంతంలో బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పిట్టను గోదావరి లోయలో, సిరొంచ దగ్గర, భద్రాచలం దగ్గర చూసినట్టు రాశాడు. తిరువూరు నుంచి సత్తుపల్లి మీదుగా బస్సెక్కితే భద్రాచలం ఎంత దూరం? ఒక్క పూట ప్రయాణం. అటు అనంతపురం వైపు 1900లో కూడా కనిపించింది. అంటే గోదావరి నుంచి పెన్నా దాకా మెట్ట పొదలున్న చోట్ల ఇది తిరిగిన పిట్టే.

1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. పక్షుల శాస్త్రంలో మన దేశానికి పెద్ద దిక్కయిన సలీం అలీ వెతికాడు, విదేశీయులు వెతికారు. దొరకలేదు. అంతరించిందని పుస్తకాల్లో రాసేశారు. ఎనభై ఆరు సంవత్సరాలు అలాగే గడిచాయి.

బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే యువ శాస్త్రజ్ఞుడు వచ్చి కడప జిల్లాలో పల్లె పల్లె తిరిగాడు. పిట్ట బొమ్మ చూపించి పశువుల కాపర్లను, పిట్టలు పట్టేవాళ్లను అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర పిట్టలు పట్టే ఒకాయన రాత్రి పూట దీపం వెలుతురులో ఒక పిట్టను పట్టుకున్నాడు. అదే కలివికోడి! కబురు అందగానే, తొంభయ్యో ఏట అడుగుపెట్టిన సలీం అలీ బయలుదేరి వచ్చాడు. పట్టిన పిట్ట మాత్రం బతకలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు పోయిందన్న పిట్టను అక్కడి పల్లె జనం ఎరుగుదురు. వాళ్లను ఎవరూ సరిగ్గా అడగలేదు, అదీ సంగతి.

ఆ మరుసటి ఏడాదే సలీం అలీ కన్నుమూశారు. 1988లో లంకమల కొండల దిగువన శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అదే సంవత్సరం తపాలా శాఖ కలివికోడి బొమ్మతో రూపాయి స్టాంపు వేసింది.

దీని గూటిని అడవిలో చూసిన శాస్త్రజ్ఞుడు నేటికీ లేడు. గుడ్డు ఒక్కటంటే ఒక్కటి దొరికింది, అదీ స్కాట్లండులో! అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలో ఉన్నదాన్ని 2013లో గుర్తుపట్టారు. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన గుడ్డు అది. పరీక్ష చేసి కలివికోడిదేనని తేల్చారు. మన నేల మీద పెట్టిన గుడ్డు దాదాపు వందేళ్లు పరాయి దేశంలో పెట్టెలో పడి ఉంది.

మూడు వేళ్ల జాడ

రాత్రి తిరిగే, మట్టి రంగులో కలిసిపోయే పిట్టను లెక్కపెట్టడం ఎలా? 2000 నుంచి జగన్నాథన్ అనే తమిళ శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ ఒక ఉపాయం చేశారు. పొదల మధ్య మెత్తని మట్టిని జల్లెడ పట్టి నేల మీద పట్టీల్లాగా పరిచారు. సాయంత్రం చదును చేసి, తెల్లవారి వెళ్లి అడుగుజాడలు చూసేవారు. కలివికోడికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. అనుమానమున్న చోట దానంతట అదే ఫొటో తీసే కెమెరా పెట్టారు. చీకటి పడే వేళ కొద్ది నిమిషాలు మాత్రమే వినిపించే రెండు విరుపుల కూతను రికార్డు చేశారు. ఆ కూతను వినిపిస్తే ఎక్కడైనా పిట్ట ఉంటే బదులిస్తుంది.

ఈ పనిలో తేలిన ఒక సంగతి రైతులు, మేకల కాపర్లు చెవిన వేసుకోవలసింది. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. పూర్తిగా నరికిన మైదానమూ పనికిరాదు. హెక్టారు నేలలో మనిషి ఎత్తు దాటిన పొదలు 300 నుంచి 700 దాకా ఉండి, చిన్న పొదలు వెయ్యికి మించకుండా, మధ్యలో ఖాళీ నేల ఉన్నచోటే దాని అడుగులు ఎక్కువగా పడ్డాయి. పొదల మధ్య అలాంటి ఖాళీ నేల ఎలా మిగులుతుంది? మేకలు, గేదెలు మితంగా మేస్తే, పల్లె జనం అక్కడక్కడ పుల్లలు కొట్టుకుంటే మిగులుతుంది. మేత ఎక్కువైతే పొద పోతుంది. మేత పూర్తిగా ఆపేస్తే పొద అల్లుకుపోయి నేల మూసుకుపోతుంది.

అభయారణ్యం అనగానే కంచె వేసి మనుషులను బయటికి నెడతారని పల్లెల్లో భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఈ పిట్ట విషయంలో మాత్రం మేకను పూర్తిగా బయటికి పంపితే పిట్టకూ మంచిది కాదు. అధికారులు ఈ మాటను కాపర్లకు ముఖాముఖి చెప్పి, ఎన్ని మేకలు, ఏ నెలలో, ఎక్కడ అని వాళ్లతోనే కూర్చుని తేల్చుకుంటే సగం తగువు తీరుతుంది.

మిగతా సగం సాగు తగువు. ఆ ప్రాంతంలో పొద నేల ఏటేటా తగ్గి పొలాలు, నిమ్మ తోటలు పెరిగాయని ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. కరువు జిల్లాలో ఎకరం బాగు చేసుకున్న రైతును తప్పు పట్టగలమా? 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం యంత్రాలు అభయారణ్యంలోకి, పిట్ట తిరిగే పొదల్లోకి వచ్చేశాయి. శాస్త్రజ్ఞులు చూసి గోల చేశారు. అటవీ శాఖ పని ఆపింది. వ్యవహారం సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లి, కాలువ దారి మార్చారు. కాలువ ఆగిపోలేదు, వంక తిరిగింది. నీళ్లూ కావాలి, పిట్టా కావాలి అనుకుంటే దారి ఉంటుందని అక్కడ తేలింది. అయితే ముందే అడిగి ఉంటే ఇంత రభస ఉండేది కాదు.

ఇంత చేసినా ఆ తరువాత పదిహేనేళ్ల పాటు కలివికోడి జాడ లేకుండా పోయింది. ఈసారి నిజంగానే పోయిందని చాలామంది అనుకున్నారు. 2025 ఆగస్టులో కొందరు పక్షి ప్రేమికులు కడప జిల్లాలో రాత్రి పూట దాని కూతను మళ్లీ రికార్డు చేశారు. చోటు ఏదో బయట పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిది. ఒకసారి తెలిస్తే కార్లు వేసుకుని, లైట్లు వేసుకుని వచ్చేవాళ్లతో ఆ పొదలు నలిగిపోతాయి.

చెట్టెక్కిన పిట్టకు ఊరి అండ

పిట్టలను కాపాడడం మన జనానికి రాదని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కర్లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో కొంగలు, గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు పెడతాయి. ఊరు వాటిని తన బిడ్డల్లా చూసుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల పక్క చెట్ల మీదే పిల్లలు చేస్తాయి. అవి రావడం ఊరికి శుభమని నమ్మకం. నెల్లూరు వైపు నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని రైతులకు ఎప్పటి నుంచో తెలుసు.

కొంగ చెట్టు మీద ఉంటుంది. తెల్లగా, పెద్దగా అందరికీ కనిపిస్తుంది. తీతువు, కలివికోడి నేల మీద ఉంటాయి. ఎవరికీ కనిపించవు. పైగా ఒకదానికి చావు కబురు చెప్పే పిట్ట అన్న చెడ్డపేరు. కాబట్టి దానికి ఊరు లేదు, చెరువు లేదు, చూడవచ్చేవాళ్లు లేరు. దాని బాగోగులు చూస్తే చేను గలవాడే చూడాలి.

హాలెండు రైతుల కర్రలు

ఐరోపాలో హాలెండు అనే చిన్న దేశం ఉంది. పాడి పశువుల దేశం. అక్కడి పచ్చిక చేలల్లో తీతువు జాతి పిట్టలు, పొడుగు ముక్కు గ్రుట్టో పిట్టలు నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ గ్రుట్టో జాతి పిట్టలు చలికాలంలో మన కొల్లేరుకు, పులికాటుకు కూడా వస్తాయి. గడ్డి కోసే యంత్రం కింద గూళ్లు పోతున్నాయని అక్కడి పల్లె జనం ఒక ఏర్పాటు చేసుకున్నారు. కోతకు ముందు చేలల్లో తిరిగి గూళ్లు వెతుకుతారు. గూటికి అటూ ఇటూ కొంచెం ఎడంగా కర్రలు పాతుతారు. యంత్రం నడిపేవాడు కర్రలు చూసి చుట్టూ తిప్పుకుని పోతాడు. ప్రభుత్వం నుంచి రైతుకు కొంత సొమ్ము వచ్చే పద్ధతి కూడా ఉంది.

అయినా గ్రుట్టోలు 1960ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గాయి. కర్రలు గుడ్లను కాపాడాయి గానీ, పిల్లలు దిగాక వాటికి తిండి కరువైంది. నేలలో తడి తీసేశారు, గడ్డి ముందే కోసేస్తున్నారు, పురుగు లేదు. పిల్ల ఏం తిని బతకాలి? కర్ర ఒక్కటే చాలదని వాళ్లు ఇంత ఖర్చు పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ పాఠం మనకు ఉచితంగా దొరికింది.

రెండు గజాల నేల

మన దగ్గర చేయగలిగింది చాలా తక్కువ ఖర్చుతో అవుతుంది. దున్నబోయే ముందు సాయంత్రం పూట చేలో ఒకసారి నడిస్తే చాలు. తీతువు లేచి తల మీద తిరుగుతూ అరుస్తుంటే గూడు దగ్గరలో ఉన్నట్టు. వెంటనే వెతకవద్దు. గట్టు మీదికి వెళ్లి కూర్చుంటే కాసేపటికి పిట్ట తనంతట తానే గూటి మీదికి వచ్చి వాలుతుంది. ఆ చోటు గుర్తు పెట్టుకుని, గూటికి నాలుగడుగుల దూరంలో అటొకటి ఇటొకటి పత్తి కట్టెలు గుచ్చాలి. గుర్తుగా గుడ్డ పీలిక కట్టినా సరే. గూటి పక్కనే గుచ్చితే కాకి పసిగడుతుంది. కాకి తెలివి మనకు తక్కువేమీ కాదు. మళ్లీ మళ్లీ వెళ్లి చూడడం కూడా మంచిది కాదు. మనిషి నిలబడి ఉన్నంతసేపూ పిట్ట గూటికి రాదు, ఎండకు గుడ్లు చెడిపోతాయి.

ట్రాక్టరు డ్రైవరుకు ఒక్క మాట చెప్పాలి. “తమ్ముడూ, ఆ కట్టెల దగ్గర ఎత్తిపట్టి పోనియ్యి” అంటే చాలు. పోయేది రెండు గజాల నేల. ఆ రెండు గజాల్లో ఏ పంటా ఇంటికి రాదా అంటే, తరువాత గొర్రు తోలేటప్పుడు దాన్నీ కలుపుకోవచ్చు.

పిల్లల సంగతి ఇంకొంచెం కష్టం. గుడ్డు పగిలిన కొన్ని గంటలకే పిల్లలు పరుగెత్తుతాయి. తల్లి నోటికి తెచ్చి పెట్టదు, వాటంతట అవే పురుగులు ఏరుకోవాలి. ఆ కాలంలో చేను మొత్తం నున్నగా దున్ని, గట్టు మీద కలుపు మందు కొట్టి, డొంక పక్కన ముళ్ల పొదలు కాల్చేస్తే వాటికి దాక్కునే చోటు ఉండదు. గట్టు వార మూరెడు గడ్డి, డొంక పక్క నాలుగు పొదలు వదిలితే సరిపోతుంది. ఆ పొదల్లో పాములుంటాయని కొందరు అంటారు. ఉంటాయి. పొద కొట్టేసినా చేలో ఉంటాయి. విత్తనానికి విషపు గుళికలు కలిపి పిట్టలను చంపే అలవాటు అక్కడక్కడ ఉంది. దానివల్ల గింజ తినే పిట్టలతో పాటు, గింజ ముట్టని తీతువు కూడా చచ్చిన పురుగులు తిని పోతుంది. చెదలు, పేడ పురుగులు, లద్దె పురుగులు తినే పిట్టను చంపి, తరువాత అదే పురుగుకు మందు డబ్బా కొనడం ఏం లెక్క?

గుడ్లు ఏరుకునే కుర్రవాళ్లకు, ఉచ్చులు పన్ని కౌజులు, ఉల్లంకులు అమ్ముకునేవాళ్లకు మరో మాట. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. అడవి పిట్టల గుడ్లు పాడు చేయడం, గూడు చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. కలివికోడి ఆ చట్టంలో మొదటి జాబితాలో ఉంది, పులితో సమానంగా. పిట్టలు పట్టే కుటుంబాలను కేసులతో భయపెట్టి ఊరుకుంటే మాత్రం పని జరగదు. 1986లో కలివికోడిని చూపించింది అలాంటి పనితనమే. ఏ పొదలో ఏ పిట్ట ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గూళ్లు వెతికి కట్టెలు గుచ్చే పనికి రోజు కూలి ఇచ్చి వాళ్లనే పెట్టుకుంటే, అటవీ శాఖకు ఇంతకన్నా చవకైన కాపలా దొరకదు. పంచాయతీలు తీర్మానం చేసి పంపితే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

గుడ్డు పెట్టింది మొదలు పిల్ల దిగడానికి పట్టేది నెల రోజులే. ఏప్రిల్ చివర పెట్టిన గూళ్లలో పిల్లలు రోహిణి కార్తె మండిపోతుండగానే దిగుతాయి. మృగశిర వచ్చి తొలకరి పడేసరికి తల్లిదండ్రుల వెంట చెరువు కిందికో, వాగు గట్టుకో చేరుకుంటాయి. విత్తనం వేసే నాటికి ఆ కట్టెలు పీకేసుకోవచ్చు.